మేడం సగంల ఇడిచిపోయిన సర్వరు

మా కంప్యూటర్ టీం మేడం పోయిందని ఫోన్ వచ్చిన పొద్దు, ఆమె షురూ జేసిన పని సగంలనే ఉండె. గుండెపోటట. ముందటి రోజు సాయంత్రం "రేపు జర ముందుగాల రాండ్రి" అని చెప్పి ఇంటికి పోయిన మనిషి. నేను నమ్మలే. ఫోన్ చేసినాయన మీదనే కోపానికొచ్చిన.

కరీంనగర్‌ల మా ఆసుపత్రి పేషెంట్ల రికార్డులన్ని ఒక పెద్ద సర్వరుల ఉంటయి. మంచిర్యాల బ్రాంచిల దాని జోడు ఒకటుంటది, స్టాండ్‌బై అంటం. ఇక్కడ రాసింది ఎంటనే అక్కడ పడుతది. ఇది కూలవడితే అది నిలవడాలె. రెండు పాతవడ్డయి, వాటిని నడిపిచ్చే సిస్టంది కొత్త వెర్షన్ ఎక్కియ్యాలె. మేడం పద్ధతి ఒక్కటే. ముందుగాల స్టాండ్‌బైకి ఎక్కియ్యాలె, అది మంచిగున్నదని తేలేదాంక పెద్దదాన్ని ముట్టొద్దు.

ఆమెది సిరిసిల్ల. వాళ్ల బాపు వైపని చేసెటోడు. మరమగ్గం మీద నూలు చుట్టిన బీము అయిపోతే, కొత్త బీము పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే అతుకుడు ఆ పని. "మా బాపు అతికినంక లాగి చూసెటోడు. మీరెవ్వలు లాగి చూడరు, గదే నా ఫికర్" అనేది. 'అయిపోయింది మేడం' అన్న మాట ఆమెకు పడకపోయేది. "అయిపోయిందా, చూసినవా?" అనేది. సకినాలు తినుకుంట సుత తిట్టేది. తిట్టినంక డబ్బ మన దిక్కు జరిపేది.

ఆమె చూసే తీరు సుత వేరే. మా లెక్క పచ్చ లైట్లు చూసి లేవకపోయేది. అందర్ని కూసోవెట్టి, "మీ ఇంటోళ్ల పేర్లు కొట్టుండ్రి" అనేది. ఈసారి స్టాండ్‌బైకి ఎక్కిచ్చినంక నేను మా బాపు పేరు కొట్టిన. శ్రీరాంపూర్ బొగ్గు బాయిల పని చేసి రిటైరయిండు. ఏండ్ల సంది మా ఆసుపత్రిలనే డయాలిసిస్. ఒక సూది ఆయనకు పడది, గా ముచ్చట రికార్డుల ఎర్రగ కనవడుతది. కొడితే ఎవ్వలు లేరని వచ్చింది. మల్ల కొట్టిన, మల్ల గదే.

"ఆగు, పరేషాన్ గాకు. మీ బాపు యాడికి పోలే. ఆయన కాడికి పోయే తొవ్వ చెడింది" అన్నది మేడం. కొత్త సిస్టంల పేర్లు పేర్చే వరస మారింది. వెతికే ఇండెక్సేమో పాత వరసలనే ఉన్నది. గట్లనే కౌంటరుకు అప్పజెప్తే పాత పేషెంట్లందరు కొత్తోళ్లయితుండె. మా బాపుకు గా పడని సూదే ఇస్తుండిరేమో.

స్టాండ్‌బైగ ఉన్నంతసేపు దాని మీద ఏం మార్చరాదు. దాన్నే పెద్ద సర్వరు చేసి, ఇండెక్సులు మల్ల కట్టి, అప్పుడు కౌంటరు తెరవాలె. ఆదివారం చేద్దామని ఆమెనే ఖాయం జేసింది. ఆదివారం రాకముందే పోయింది.

మేడం మట్టికి పోయొచ్చినంక మా మేనేజర్ సారు "ఆపుండ్రి, ఆమె లేకుంట వద్దు" అన్నడు. మా టీంల భైంసా పిల్ల ఒకామె ఉన్నది, ఎన్నడు గొంతెత్తి మాట్లాడది. "గట్లయితే మేడం గిన్నొద్దులు మాకు నేర్పింది ఏం జేసుకోవాలె సార్?" అన్నది. సారు "కానియ్యుండ్రి" అన్నడు.

ఆదివారం పొద్దుగాల కౌంటరు మూసి పెద్ద సర్వరు ఆపినం. దాని ఆఖరి రాత మంచిర్యాలకు చేరిందా అని రెండు దిక్కుల సరిచూసినం. చేరింది. మంచిర్యాలదాన్ని పెద్దది చేసి ఇండెక్సులు కట్టినం. అయిపోయిందని ఎవ్వలం అనలే. ఎవల ఇంటోళ్ల పేర్లు వాళ్లం కొట్టినం. అందరు దొరికిన్రు. నాకు ఏడుపాగలే. మేడం ఉంటె గా ఏడుపుకు సుత తిట్టేది. పని నేర్పినోళ్లు మస్తుమంది ఉంటరు, భయపడుకుంట సుత పని చేసుడు నేర్పింది మాత్రం ఆమెనే.

కౌంటరు తెరిచిన్రు. లైన్ల ముందటున్న ముసలవ్వ పేరు చెప్పింది. కౌంటరు పిల్ల కొట్టి చూసి, "అవ్వా, పోయినసారి మోకాళ్ల నొప్పులని వచ్చినవ్ గదా, తగ్గినయా?" అని అడిగింది.

"యాడ తగ్గినయ్ బిడ్డా!" అనుకుంట గా అవ్వ చీటీ పట్టుకొని, మోకాలు మీద చెయ్యేసి మెల్లగ డాక్టరు గది దిక్కు నడిచింది. ఏం మారిందో లైన్ల ఎవ్వలకు తెల్వదు. అవ్వ ఎనుకున్నాయన ముందుకు జరిగిండు.