గడియ లోపలి వైపు

మా ఎదురు ఫ్లాటు సిస్టర్ గారు పోయారు. పొద్దున్నే ఆమె కొడుకు మా తలుపు కొట్టి, "అంకుల్, మమ్మీ నహీ రహీ" అని అక్కడే నిలబడిపోయాడు. నేను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. నాకు మాటలు తక్కువ. మా చర్చి సంఘంవాళ్లు రాయమన్నారు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. నర్సాపురం వైపు మనిషి. ఇక్కడ రాజధానిలో, ద్వారకలో మా అపార్టుమెంటు అంతటికీ సిస్టర్ గారే. పగలంతా ఆమె తలుపు తీసే ఉండేది. దొంగలొస్తారండీ అంటే, "వస్తే బీపీ చూసి, టీ ఇచ్చి పంపిస్తాను" అనేవారు.

మా చర్చి నుంచి ఏటా కొంతమంది కెన్యాలో పల్లెటూరి బడులకు సేవకు వెళ్తారు. ఒకసారి సిస్టర్ గారు నన్నూ రమ్మన్నారు. నేను ఆఫీసులో ఫైళ్లు మోసినవాణ్ణి, ఊళ్లో ఏడో తరగతితో ఆపినవాణ్ణి. అక్కడికొచ్చి ఏం మాట్లాడతానండీ అన్నాను.

"మాట్లాడేవాళ్లు మనకి బోలెడుమంది అన్నయ్యగారూ. సుత్తి పట్టేవాళ్లే లేరు" అన్నారు. మా నాన్నది వడ్రంగం, ఆ పని నాకూ కొంత వచ్చని ఆమెకి తెలుసు.

అక్కడ మొదటి రోజు పని, బడి ముందు గోడకి రంగు వేయడం. అందరికీ ఒకే రకం టీ షర్టులు, చీర కట్టుకున్నవాళ్లకి చీర మీదే. సిస్టర్ గారు గోడ దగ్గరికి వెళ్లి, కొంగున కట్టుకున్న తాళంచెవితో గీకారు. నీలం కింద పసుపు, పసుపు కింద గులాబీ, దాని కింద మళ్లీ నీలం.

"పై నీలం నిరుడు మనం వేసింది. పసుపు మనకంటే ముందొచ్చినవాళ్లది. ఈ గోడకేం జబ్బు బాబూ, ఏటా కట్టు మారుస్తున్నాం?" అని మా బృందం నాయకుణ్ణి అడిగారు. గుడ్‌గావ్‌లో కంపెనీ ఉద్యోగం చేసే కుర్రాడు. మంచివాడే.

"ఆంటీ, ఫోటోలో బావుంటుంది. చర్చిలో చూపించాలి కదా."

"పిల్లల్ని అడిగారా?"

ఆ మాట ఆమెకి అలవాటు. ఎవరూ అడగకపోతే తనే వెళ్లి అడిగారు. పెద్ద ఆడపిల్లలు చాలాసేపు సిగ్గుపడి, చివరికి ఆమెని బడి వెనక్కి తీసుకెళ్లారు. మరుగుదొడ్డి ఉంది. తలుపు లేదు. గోనెపట్టా వేలాడుతోంది. నెలసరి రోజుల్లో ఆ పిల్లలు బడికే రారట.

ఆమె తిరిగొచ్చి రంగు డబ్బా మీద కూర్చున్నారు. "తలుపు వచ్చేదాకా లేవను. నా మోకాళ్ల సంగతి తెలుసుగా, లేపడం మీ వల్ల కాదు." నవ్వుతూనే అన్నారు. లేవలేదు మాత్రం.

మధ్యాహ్నానికి కుర్రాళ్లు, ఆమె కూర్చున్న డబ్బా తప్ప మిగతావన్నీ కొట్టుకి తిరిగిచ్చి, చెక్కలు, తలుపు బందులు, గడియ తెచ్చారు. నేను తలుపు చేశాను. మా నాయకుడు హుషారుగా గడియ బయటి వైపు పెట్టబోయాడు.

"బయట గడియ జైలుకి బాబూ. మనకి లోపల."

మొన్న ఆదివారం ఆమె జ్ఞాపకార్థం చర్చిలో కూడుకున్నాం. ఈ ఏడు కెన్యాకి వెళ్లబోయేది ఆ పక్క ఊరి బడికి. అక్కడా ఆడపిల్లల దొడ్డికి తలుపు లేదని పోయేముందు ఆమే ఫోను చేసి కనుక్కున్నారు. మా నాయకుడు లేచి, ఆ బడి గోడ మీద సిస్టర్ గారి బొమ్మ పెద్దదిగా వేయిద్దామన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

సంఘంలో నేనెప్పుడూ లేచి మాట్లాడలేదు. ఆ రోజు లేచాను.

"గోడ వద్దు. తలుపు" అన్నాను.

"అచ్ఛా అంకుల్, వీలైతే రెండూ చూద్దాం."

"పిల్లల్ని అడిగారా?"

నేను కూర్చోలేదు. పక్కవాళ్లు చొక్కా లాగినా కూర్చోలేదు. నా మోకాళ్లూ అంతంత మాత్రమే. చివరికి పాస్టరు గారు, "ఠీక్ హై అన్నయ్యా, తలుపే" అన్నారు. అప్పుడు కూర్చున్నాను.

బొమ్మ లేకపోతే ఆమెని అక్కడ ఎవరు గుర్తుపెట్టుకుంటారని ఒకావిడ బాధపడింది. పెట్టుకోకపోతే పోనీండి. పిల్లలు గడియ వేసుకుంటే చాలు. ప్రయాణానికి నా సుత్తి సంచిలో పెట్టేశాను.

ఆనాడు తలుపు బిగించాక సిస్టర్ గారే ముందు లోపలికి వెళ్లారు. గడియ పడిన చప్పుడైంది. "ఏదీ, లాగండి చూద్దాం" అని తెలుగులోనే కేకేశారు. ఆ పిల్లలకి ఏం అర్థమైందో, అందరూ చేరి ఒక్క పట్టున లాగారు. తలుపు కదల్లేదు. బయట వాళ్లు నవ్వుతున్నారు. లోపల ఆమె నవ్వుతున్నారు.