చెల్లెలి కోసం చేసిన అలమార

ఆ ఊరి బడి తలుపులు వడ్రంగి మేస్త్రి చేసినవే. కోర్టులో జడ్జిగారు కూర్చునే కుర్చీ ఆయనదే. ఆసుపత్రి మెట్ల పక్కన ముసలివాళ్లు పట్టుకుని ఎక్కే కర్ర ఆయనదే. వరదకు వంతెన కొట్టుకుపోయిన ఏడాది చెక్కలు బిగించి జనాన్ని దాటించినవాడూ ఆయనే. మేస్త్రి తలుపు మూస్తే వెలుతురు గీత కూడా లోపలికి దూరదని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట ఆయనా చెప్పుకునేవాడు.

అంతటివాడూ ఇంట్లో చెల్లెలి దగ్గర ఓడిపోయాడు. భర్త పోయాక అన్న పంచన చేరిన మనిషి ఆమె. మాట మంచిది, చేయి మంచిది. ప్యాకెట్టు కనిపిస్తే మాత్రం ఆగలేదు. చిప్స్, క్రీమ్ బిస్కెట్లు, రంగునీళ్ల సీసాలు. షుగరు ముదిరి ఇన్సులిన్ సూదుల దాకా వచ్చినా పప్పు డబ్బా అడుగున ప్యాకెట్లు దొరుకుతూనే ఉండేవి.

"పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుందే నీ వ్యవహారం," అన్నాడు మేస్త్రి ఒకరోజు.

ఆమె నవ్వలేదు. "ఊరందరికీ తలుపులు చేశావు కదా అన్నయ్యా. నాకూ ఒకటి చెయ్యి. నేను తీయలేనిది."

"పారేస్తే పోయేదానికి అలమార ఎందుకే?"

"పారేస్తే మళ్లీ కొనుక్కొస్తాను. లోపల ఉందనీ, ఆదివారం నీ చేత్తో ఒకటి ఇస్తావనీ తెలిస్తే ఆగగలను."

మేస్త్రి మంచి టేకు ఏరి, బయటికి ఒక్క మరమేకు కూడా కనిపించకుండా అలమార చేశాడు. బిస్కెట్లు, చక్కెర, తేనె అన్నీ అందులోకి వెళ్లాయి. ఉన్న ఒక్క తాళంచెవి మేస్త్రి మొలతాడుకు చేరింది. పక్కింటి టైలరమ్మ చూసిపోదామని వచ్చింది.

"ఇంకో తాళంచెవి మా ఇంట్లో ఉంచు మేస్త్రీ, అవసరానికి."

"రెండో తాళంచెవి ఉంటే అది అలమార కాదమ్మా, అంగడి."

ముగ్గురూ నవ్వుకున్నారు.

సూది వేసుకునేవాళ్లకు ఒక్కోసారి షుగరు ఉన్నట్టుండి పడిపోతుందని, ఒక తీపి ముక్క ఎప్పుడూ జేబులో ఉంచుకోమని నర్సమ్మ చెప్పింది. చెల్లెలు ఒప్పుకోలేదు. "జేబులో ఉంటే సాయంత్రం దాకా ఉంటుందా? అదీ లోపలే పెట్టు." మేస్త్రి పెట్టాడు. ఆ పట్టుదల చూసి మురిసిపోయాడు కూడా.

ఆమె నిజంగానే గెలిచింది. మొదట్లో అలమార ముందు కూర్చుని, కోపమో ఏడుపో తెలియకుండా కళ్లు తుడుచుకునేది. తరవాత ఆ వేళకు దోసకాయ ముక్కలు కోసుకుని నమలడం నేర్చింది. పొద్దున్నే నడిచేది. బట్టలు వదులైపోయాయని టైలరమ్మ చేత కుట్లు వేయించుకుంది. షుగరు దిగింది, ఇక సూది మందు తగ్గించాలి, వచ్చి కనపడమని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

"చేతిలో ఉన్న మంచం పని అవ్వనీ, వెళ్దాం," అన్నాడు మేస్త్రి.

ఆ మంచం బిగించే రోజునే ఆమె ఎప్పటిలాగే పాత మోతాదు సూది వేసుకుని, పొయ్యి మీద కూర పెట్టింది. కూర ఉడికేలోగా షుగరు పడిపోయింది. పక్కింటికి కేకేయాలని ఆమెకు తోచలేదు. ఆ స్థితిలో బుర్ర పనిచేయదని నర్సమ్మ తరవాత చెప్పింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మేస్త్రికి గుమ్మంలోనే మాడు వాసన తగిలింది. చెల్లెలు అలమార ముందు పడి ఉంది. పక్కన కూరగాయల కత్తి, మొన విరిగి. తలుపు అంచు పొడవునా గీతలున్నాయి. ఒక్కటీ లోపలికి దిగలేదు.

మేస్త్రి తాళం తీసి, చక్కెర వేలికి అద్ది ఆమె పెదవుల లోపల రాశాడు. "తినవే. ఆదివారం దాకా ఆగక్కర్లేదు, తిను." ఆ నోరు కదలలేదు.

మనిషిని కాటికి సాగనంపి వచ్చాక మేస్త్రి ఆ గీతల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. టైలరమ్మ పక్కన నిలబడింది.

"అడిగింది ఆమే కదా మేస్త్రీ. నువ్వేం చేస్తావు."

"ఎక్కడో ఒకచోట కాస్త వదులు పెట్టాల్సిందమ్మా," అన్నాడు. "నాకు వదులుగా చేయడం రాదు."

టైలరమ్మ పొయ్యి మీద మాడిన గిన్నె తీసి బయట పెట్టింది.