మాఫీ అనకూడని చోటు

శుక్రవారం వచ్చిందంటే ఈ అరబ్బు దేశంలో, సల్మాబాద్‌లోని తెలుగు మెస్సులో వీరదుర్గే జడ్జిగారు. మిగతా రోజుల్లో ఆమె సనాబిస్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. సెలవు పూట మాత్రం కేసుల్లో ఇరుక్కున్న మనవాళ్లను ఎదురుగా నిలబెట్టి, బల్లమీద గరిటె కొట్టి మరీ కోర్టు మాటలు నేర్పుతుంది. ముత్తహమ్ అంటే ఎవరిమీద నేరం మోపారో వాడు, అంతేగాని నేరం చేసినవాడని కాదు. షాహెద్ అంటే సాక్షి. బరాఅ అంటే నిర్దోషివని తీర్పు, అది చెవిన పడితే దేవుడికి దణ్ణం పెట్టుకో. ఈవిడ నిజంగా జడ్జి అయితే ఒక్కడికీ బెయిలు దొరకదని మెస్సులో నవ్వుకుంటారు.

ఆమెకు మాత్రం అది నవ్వులాట కాదు. రాజోలు నుంచి వచ్చిన కొత్తలో, పనిచేసే ఇంట్లో ఉంగరం కనబడలేదు. యజమానురాలు అరుస్తుంటే, ఆ కోపం చల్లారితే చాలనుకుని "తప్పయిపోయిందమ్మా, క్షమించండి" అని వచ్చిన భాషలో బతిమాలుకుంది. ఊళ్లో అయితే అంతటితో గొడవ సద్దుమణిగేది. ఇక్కడ ఆ మాటనే ఒప్పుకోలుగా రాసుకున్నారు. ఉంగరం బట్టల మిషన్లో దొరికేదాకా ఆమె లాకప్‌లోనే ఉంది. ఆనాటి నుంచి క్షమించమనే మాట మళ్లీ ఆమె నోట రాలేదు.

ఇప్పుడు గంగన్నా అలాగే ఇరుక్కుని వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. సామాను ర్యాకు కూలి, లోడింగు చేసే ముఖేష్ కాలు నుజ్జయింది. తన బండి ఇంకా దూరంగానే ఉందనీ, ర్యాకు దానంతటదే ఒరిగిందనీ గంగన్న అంటాడు. కానీ పోలీసులు వచ్చేసరికి అతను ముఖేష్ పక్కన కూలబడి "మాఫ్ కరో భాయ్" అని ఏడుస్తున్నాడు. వాళ్లు ఏమైందని అడిగినా మాఫీ అనే అన్నాడు. తప్పు రుజువైతే జైలు, ఆపైన ఇంటికి తిరుగు విమానం.

"జడ్జి అడిగితే ఏమంటావు?" అంది వీరదుర్గ.

"నేను చెయ్యలే సాబ్."

"అంతే. మాఫీ ఊసెత్తావో, నా చేతిలో అయిపోతావ్."

"మనిషి కాలు పాయె అక్కా. వాడు ఎదురుంగనే కూసుంటడు. మాఫీ గూడ అడగకుంటే సిగ్గులేనోని లెక్క గానా?"

"ఆ సిగ్గేదో బయటికొచ్చాక పడుదువుగాని. లోపలున్నంతసేపూ నోరు కట్టుకో తమ్ముడూ."

ఆదివారం ఆమె ఇంట్లో బతిమాలి సెలవు తీసుకుని కోర్టుకొచ్చి వెనకాల కూర్చుంది. ముఖేష్ చంకకర్రల మీద వచ్చాడు. అతన్ని చూడగానే గంగన్న చేతులు వాటంతటవే లేచాయి. అతను గబుక్కున చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ముందు ముఖేష్‌ను అడిగారు. తాను అటు తిరిగి ఉన్నాననీ, ర్యాకు ఎలా పడిందో చూడలేదనీ చెప్పాడు. ఇక మిగిలింది గంగన్న మాట ఒక్కటే.

"నువ్వు ర్యాకును గుద్దావా?" జడ్జి అరబీలో అడిగినదాన్ని దుబాసీ హిందీలోకి మార్చాడు.

"నేను చెయ్యలే సాబ్."

"మరి పోలీసుల ముందు మాఫీ ఎందుకు అడిగావు?"

గరిటె జడ్జి ఏనాడూ అడగని ప్రశ్న అది. గంగన్న వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. సైగ చేస్తే ఏమవుతుందోనని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంత చెప్పీ అసలు ప్రశ్న మరిచాను కదా అని తన మీద తనకే ఒళ్లు మండింది.

గంగన్న మళ్లీ జడ్జి వైపు తిరిగి, మెల్లగా అన్నాడు. "సాబ్, దెబ్బ తాకినోడు నా ముంగట పడ్డడు. మా క్యాంపుల ఎవనికి దెబ్బ తాకినా పక్కనున్నోడు మాఫీ అంటడు. తప్పెవనిదని జూసి అనరు. పానం కొట్టుకుంటది, అంటరు."

జడ్జి ముఖేష్ వైపు తిరిగి, నిజమేనా అన్నాడు.

ముఖేష్ తన కాలి వైపు చూసుకున్నాడు. "నిజమే సాబ్. ఒకసారి నేను జారవిడిచిన పెట్టె కింద ఇతని వేలు నలిగింది. రక్తం కారుతుంటే అప్పుడూ ఇతనే నన్ను మాఫీ అడిగాడు."

దుబాసీ ఆ మాట అరబీలోకి మార్చి చెప్పాడు.

విరామం తర్వాత జడ్జి చదివినదాంట్లో బరాఅ అనే మాట వీరదుర్గకు వినబడింది. దుబాసీ భుజం తట్టేదాకా గంగన్నకు వినబడనే లేదు.

తలుపు దాటీ దాటగానే అతను ముఖేష్ చేతులు పట్టుకుని, "మాఫ్ కరో భాయ్" అని భోరుమన్నాడు. అలవాటుగా ఆపబోయిన వీరదుర్గ అక్కడే నిలబడిపోయింది. వాళ్లిద్దరూ కళ్లు తుడుచుకునేదాకా ఆగి, గంగన్న దగ్గరికి వచ్చింది.

"ఆ ప్రశ్న నీకు నేర్పలేదు. నిలువునా ముంచేసేదాన్ని. నన్ను క్షమించు తమ్ముడూ" అంది.