నివాళి ఫైల్ అడుగున

దెయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. ఆదివారం ప్రార్థనకు వెళ్లొస్తాను, అంతటితో సరి. పిడుగురాళ్లలో కంప్యూటర్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. ఏ సిస్టం మొరాయించినా దానికో కారణం ఉంటుంది. అది దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇన్నేళ్లూ ఇదే లెక్కలో పనిచేశాను. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఎంత వెతికినా నాకు కారణం దొరకలేదు.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. మా నాన్న సున్నం బట్టీలో కూలీ. నేను అమ్మ దగ్గర పాలు తాగే వయసులోనే జబ్బు చేసి పోయాడు. ఆయన ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. పెళ్లిలో కూడా తీయించుకోలేదట. అమ్మ ఎప్పుడూ దాని గురించి బాధపడినట్టు కనిపించలేదు. కానీ ఈ మధ్య ఒకరోజు అన్నం తింటూ తింటూ ఏడ్చేసింది.

"కళ్లు మూసుకుంటే మీ నాయన మొహం రావట్లేదురా. కనుబొమ్మ ఒక్కటే గుర్తుకొస్తంది" అంది.

సున్నం తడిపేటప్పుడు చిమ్మి ఆయన ఎడమ కనుబొమ్మ సగం కాలిపోయిందట. అక్కడ మళ్లీ వెంట్రుక మొలవలేదట. ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. తెలిసిన స్టూడియోలో నా ఫొటో ఇచ్చి, కనుబొమ్మ సగం చెరిపించి, నాన్న ఇలా ఉండేవాడేమోనని ఒక బొమ్మ చేయించాను. అమ్మ దాన్ని అలా చూసి ఇలా పక్కన పెట్టేసింది. "ఇది నువ్వేరా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. పాడైపోయిన హార్డ్ డిస్కుల్లోంచి ఊళ్లోవాళ్ల ఫొటోలన్నీ తీసిస్తాను, మా అమ్మకి ఒక్క మొహం తెచ్చివ్వలేకపోయాను.

అదే వారంలో కరీముల్లా భాయ్ ఫోన్ చేశాడు. ఆయనది ఫ్లెక్సీల షాపు. డిజైన్లన్నీ ఆయనే చేసుకుంటాడు.

"ఒరేయ్ అబ్బాయ్, సిస్టం అసలు కదలట్లేదురా. రేపు చర్చిలో ఒక పోయినాయన ఆదరణ కూడికకి ఫ్లెక్సీ ఇయ్యాలి. ఏం వైరస్ జొరబడిందో ఏందో, వచ్చి చూడు" అన్నాడు.

ఏం జరిగినా వైరసే వీళ్లకి! వెళ్లి టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ తీరిగ్గానే ఉంది, ర్యామ్ మాత్రం అంచుదాకా నిండిపోయింది. అక్కర్లేనివన్నీ మూసి, రీస్టార్ట్ చేస్తే శుభ్రంగా నడిచింది. భాయ్ 'నివాళి' అనే ఫైల్ తెరవగానే మళ్లీ ర్యామ్ నిండిపోయి మౌస్ బిగుసుకుపోయింది.

ఆ ఫైల్ సంగతి ఏమిటంటే, మా వైపు ఎవరు పోయినా సెంటర్లో ఫ్లెక్సీ కట్టాల్సిందే. బతికినన్నాళ్లూ లుంగీతో తిరిగిన మనిషికైనా ఫ్లెక్సీలో కోటూ టై ఉండాలి. భాయ్ దగ్గర ఉన్నది ఒకటే కోటు. దాని మీద తల మారుస్తుంటాడు. కొత్త తల పెట్టినప్పుడు పాతది తీసేయడు, ఆ తల ఉన్న పొర, అదే లేయర్, పక్కనున్న కన్ను గుర్తు నొక్కి కనపడకుండా చేస్తాడు. షాపు పెట్టిన నాటి నుంచి పోయినవాళ్లందరి తలలూ ఆ ఒక్క ఫైల్లోనే ఉన్నాయి. తెరిచినప్పుడల్లా అందరూ కలిసి ర్యామ్‌లోకి వచ్చి కూర్చుంటున్నారు.

"డిలీట్ కొట్టొచ్చుగా భాయ్!" అని కసిరాను.

"చెయ్యెట్టా వస్తదిరా? ఒకసారి పోయినోళ్లని మళ్లా నేను పోగొట్టాలా?" అన్నాడు.

ఒక్కో తలనీ విడిగా దాచి, పెద్ద ఫైల్లోంచి తీసేయడం మొదలుపెట్టాను. భాయ్ పక్కనే కూర్చుని అందరినీ గుర్తుపట్టాడు. ఈయన రాజుపాలెం మేస్త్రి, ఈమె అచ్చంపేట టీచరమ్మ, ఈ పిల్లోడు లారీ గుద్ది పోయాడు. ప్రతి లేయర్‌కీ ఆయన మనిషి పేరు, ఊరి పేరు పెట్టుకున్నాడు. తీసేకొద్దీ ర్యామ్ దిగుతూ వచ్చింది, మధ్యాహ్నానికి సిస్టం తేలికపడింది.

చివరికి కోటు కూడా దాటి అడుగుకి పోతే, పేరు లేని లేయర్ ఒకటి మిగిలింది. కన్ను గుర్తు నొక్కాను. ముసలాయన మొహం వచ్చి కోటు మీద కుదురుకుంది. జుట్టు తెల్లగా ఉంది, ఎడమ కనుబొమ్మ సగమే ఉంది.

"ఎవురీయన?" అన్నాడు భాయ్. చానాసేపు చూశాడు. "నేను పెట్టలేదురా. నా చేత్తో కత్తిరించిన మొహం నేను మర్చిపోను."

ఒక్క క్షణం మా నాన్నే అనుకున్న మాట నిజం. వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను. బట్టీల్లో పనిచేసినవాళ్లలో కనుబొమ్మలు కాలినవాళ్లు బోలెడుమంది. ఎవరో ఎప్పుడో పెన్ డ్రైవ్‌లో తెచ్చిన ఫొటో అయ్యుంటుంది. పైగా మా నాన్న పోయేనాటికి ఇప్పటి నా కంటే చిన్నవాడు. ఈయన చూస్తే అమ్మ ఈడువాడు. అయినా స్క్రీన్‌ని ఫోన్లో ఫొటో తీసుకుని ఇంటికి బయల్దేరాను.

అమ్మ వరండాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేనేమీ చెప్పలేదు. "ఈయన నీకేమైనా తెలుసా?" అని మాత్రం అడిగి ఫోన్ ముందు పెట్టాను.

చేతిలో కాయలు జారిపోయాయి. "ఓరి నాయనో, మీ నాయనరా!" అని ఫోన్ గుండెలకు అదుముకుంది. ఎంత ఏడ్చిందో అంత నవ్వింది. "ఈ కోటు ఎవుడు తొడిగాడు ఈయనకి?" అంది.

ఆ తర్వాత భాయ్ పాత పెన్ డ్రైవ్‌లు, పాత ఫోల్డర్లు అన్నీ గాలించాను. ఆ ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందో తేలలేదు. అమ్మ పొరపడిందని ఇప్పటికీ అనుకోవాలని చూస్తాను. కానీ నా మొహంతో చేయించిన బొమ్మని ఒక్క చూపుతో కాదన్న మనిషి, ఈయన్ని ఒక్క చూపుతో ఔనంది. ఇప్పుడు ఆ ఫొటో మా గోడ మీద ఉంది.

ఆ రోజు ఏడుపు తగ్గాక అమ్మ కొంగుతో ఫోన్ అద్దం తుడవసాగింది. ఆయన తల ఉన్నచోటే పదేపదే తుడిచింది. "బట్టీ నుంచి రోజూ ఇట్టాగే తల తెల్లగా వచ్చేవాడు, నేనే దులిపేదాన్ని" అంది.

కాసేపటికి చెయ్యి ఆపి, దగ్గరగా పెట్టుకుని చూసింది.

"సున్నం కాదురా ఇది" అంది. "నెరిసింది."