డబ్బా మేస్త్రి పెన్సిలు

డబ్బా మేస్త్రి దగ్గర ఒక పెన్సిలుంది. రాయడానికి కాదు. దాని ములుకు ఏనాడో విరిగిపోతే మళ్లీ చెక్కలేదు. ఆయనకి కావలసింది వెనకవైపు చప్పటి కొస. ముప్ఫయ్యేళ్లుగా ఆ కొసతో గాజు వాల్వుల్ని తట్టి, హెడ్‌ఫోను పెట్టుకుని వింటున్నాడు. దాన్ని వేరేవాళ్లు ముట్టుకుంటే ఊరుకోడు. ఒకసారి కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన రాసుకోవడానికని చెయ్యి చాచబోతే, తన జేబులోని కొత్త పెన్ను తీసి శాశ్వతంగా ఇచ్చేసి పంపించాడు గానీ పెన్సిలు మాత్రం ఇవ్వలేదు.

ఆయన చేసేవి రేకు డబ్బాలు. గిటారు నుంచి వచ్చే ధ్వని చాలా నీరసంగా ఉంటుంది. పెద్ద యాంప్లిఫయరుకి అందించే ముందు దానికి కాస్త కండ పట్టించాలి, కాస్త వేడి ఎక్కించాలి. ఆ పని చేసేదాన్ని ప్రీఆంప్ అంటారు. ఒకప్పుడు అవి బీరువాలంత ఉండేవి, ఇద్దరు మోస్తేగాని స్టేజీ ఎక్కేవి కావు. మేస్త్రి దాన్ని టిఫిను డబ్బా అంత చేశాడు. గిటారు సంచి పక్కజేబులో పట్టేస్తుంది. స్టేజీ మీద కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు, స్టూడియోలో బల్ల మీద పెట్టుకోవచ్చు. లోపల వేలెడంత గాజు వాల్వు ఒకటి, పాత రేడియోల్లో ఉండేలాంటిది, స్విచ్చి వేస్తే నారింజరంగులో వెలుగుతుంది. ఆ వెలుగు కనబడాలని మూతకి చిల్లులు పెట్టించుకునేవాళ్లు కూడా ఉన్నారు.

చిక్కంతా ఆ వాల్వుతోనే. దాని లోపల సన్నటి తీగలుంటాయి. అవి కాస్త వదులుగా ఉన్నాయంటే, పక్కన డ్రమ్ము మోగినా నేల అదిరినా వాల్వు తనంతట తాను పాడటం మొదలుపెడుతుంది. గదిలో అది దోమ పాటంత. స్టేజీ మీద జనం ముందు అదే పెద్ద ఈల అయి గిటారుని మింగేస్తుంది. అందుకే ఈ పెన్సిలు. బల్ల మీది సాకెట్లో గుచ్చి మంచి వాల్వుని తడితే హెడ్‌ఫోనులో టక్కుమని ఆగిపోతుంది. చెడ్డది టింగుమని సాగుతుంది. టక్కుమన్నది డబ్బాలోకి, టింగుమన్నది చెత్తబుట్టలోకి. మేస్త్రివి పాముచెవులని వాయించేవాళ్లందరిలో పేరు. ఆయన డబ్బా ఇచ్చాడంటే మళ్లీ తెరిచి చూసుకునే పనిలేదని వాళ్లు గుడ్డిగా స్టేజీ ఎక్కేసేవారు. "మిషన్లు అబద్ధం చెప్తాయేమోగానీ నా చెవి చెప్పదు" అని ఆయనా మెడ కాస్త నిక్కించి అనేవాడు.

ఇంటి ముందుగదే ఆయన పనిగది. వీధివైపు అద్దాల కిటికీ, దానికి వీపు పెట్టి కూర్చునే ఆయన కుర్చీ, ముందు బల్ల, బల్ల మీద టంకం వాసన. భార్య కూడా అందులోనే పనిచేసేది. రేకుకి చిల్లులు వేయడం, రంగు పూయడం, మూత లోపల తెల్లరంగుతో డబ్బా నంబరు వెయ్యడం, ఆఖరున గుడ్డతో తుడిచి అట్టపెట్టెలో సర్దడం ఆవిడ వంతు. తలుపు తీసే పని కూడా ఆవిడదే. ఈ మధ్య తన కుర్చీ కిటికీ పక్కకి జరిపించుకుంది. వెలుతురు కోసమంది. మేస్త్రి ఎందుకని అడగలేదు. ఆయనకి బల్ల మీదున్నది తప్ప ఇంట్లో ఏం మారినా పట్టదు.

అలాంటి ఆవిడ మూడు వారాలు ఊళ్లో లేకుండా పోయింది. వాళ్లక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే సాయానికి వెళ్లింది. ఆ మూడు వారాల్లో మేస్త్రి అన్నీ తనే చేసుకుని, 339 నుంచి 349 దాకా పదకొండు డబ్బాలు పూర్తి చేశాడు. ఈ లోపల ఇంటికొచ్చినవాళ్లు ఇద్దరు బయట నిలబడి నిలబడి వెళ్లిపోయారని తెలిసింది. బెల్లు పాడైందని ఎలక్ట్రీషియన్ని పిలిచాడు.

ఎలక్ట్రీషియన్ మీట నొక్కి, "బాగానే మోగుతోంది కదండీ" అన్నాడు.

"బాగుంటే నిన్నెందుకు పిలుస్తాను? కొత్తది పెట్టు."

కొత్తది పెట్టించాడు. దాని గొంతు కూడా ఆయనకి నచ్చలేదు. ఈ కాలం సరుకింతే అనుకున్నాడు.

తరవాత డబ్బాలు తిరిగి రావడం మొదలైంది. మొదట 341. తరవాత 343, 347. అన్నిటిదీ ఒకటే ఫిర్యాదు, స్టేజీ మీద ఈల. మేస్త్రి వాల్వులమ్మే వర్తకుడికి ఫోను చేసి చెడామడా తిట్టాడు. పెట్టె పెట్టంతా కల్తీ సరుకన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయనకి తెలియక కాదు. అది ఎప్పుడూ ఎదుటివాళ్లకే వర్తిస్తుందని ఆయన లెక్క. నాలుగోది 329 వచ్చింది. గురువారం పొద్దున 344 తీసుకుని గిటారమ్మ వచ్చింది.

గిటారమ్మ ఆయనకి పన్నెండేళ్లుగా తెలుసు. నలభై దాటిన మనిషి, మాట కరుకు, చెయ్యి బంగారం. బెల్లు నొక్కీ నొక్కీ విసుగొచ్చి తలుపు పిడికిలితో బాదింది. వెంట డ్రమ్ములు వాయించేవాడు కూడా ఉన్నాడు.

"మేస్త్రిగారూ, నిన్న రిహార్సల్లో ఇది నా పరువు తీసింది. శనివారం సాయంత్రం ప్రోగ్రాం, అక్కడే రికార్డింగు కూడా. ఏం చేస్తారో చేయండి."

"వాల్వు మారిస్తే సరిపోతుందమ్మా. కూర్చో."

పెట్టెలోంచి వాల్వు తీశాడు, తట్టాడు, విన్నాడు. టక్. ఇంకోసారి తట్టాడు. టక్. డబ్బాలో బిగించి, మూతపెట్టి, "ఇదిగో, అద్దంలా ఉంది" అని చేతికిచ్చాడు. ఆమె దాన్ని అక్కడే ఉన్న యాంప్లిఫయరుకి తగిలించి, శబ్దం పెంచి, మూత మీద గోటితో కొట్టింది.

డ్రమ్ములవాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఎదురుకొట్టు దర్జీ కుట్టు ఆపి గుమ్మంలోకి వచ్చి చూశాడు. మేస్త్రికి మాత్రం ఎక్కడో గాలి తోలినట్టు మెత్తటి సవ్వడి ఒకటి వినిపించింది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, మెచ్చుకోలు కోసం చూస్తున్నవాడిలా.

గిటారమ్మ స్విచ్చి ఆపింది. ఆమె గొంతులో కరుకుదనమంతా పోయింది. "మేస్త్రిగారూ, మీకు వినబడలేదా?"

"వినబడింది. వినబడకేం?" అన్నాడు మేస్త్రి. డబ్బా తన దగ్గరికి లాక్కున్నాడు. "శనివారం పొద్దున పదింటికి రా. మంచిది వెతికి పెడతాను."

వాళ్లు వెళ్లిపోయాక తలుపు గడియ వేసుకుని, పెట్టెలో ఉన్న వాల్వులన్నీ తట్టాడు. అరవైరెండు. అన్నీ టక్కే. ముప్ఫయ్యేళ్లలో ఏ పెట్టెలోనూ అన్నీ మంచివి రాలేదు. ఏం జరిగిందో ఆయనకి ఆ క్షణాన తెలిసిపోయింది. తెలిసినదాన్ని ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో రోజు పట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం చొక్కా గుండీ ఊడితే కుట్టుకుందామని భార్య సూదీదారాల డబ్బా తెరిచాడు. పైన దారపు ఉండలు. కింద, పాతగుడ్డలో చుట్టి, వాల్వులు. ప్రతి గాజు మీదా ఆవిడ చేత్తో తెల్లరంగు అంకెలు. 187, 203, 204, 219. అవి తన డబ్బాల నంబర్లే. తను తట్టి, విని, బాగుందని బిగించిన డబ్బాల నంబర్లు. లెక్కపెట్టాడు. నలభైమూడు ఉన్నాయి. నాలుగేళ్ల పని.

మధ్యాహ్నం భోజనం చేసి అరగంట కునుకు తీయడం ఆయనకి ఎప్పటినుంచో అలవాటు. ఆ అరగంటలో ఆవిడ ఏం చేసేదో ఇప్పుడు అర్థమైంది. ఆ పెన్సిలు ఆవిడ కూడా ముట్టుకుంది. తీసి, తట్టి, విని, చెడ్డది మార్చి, మూత బిగించి, ఏమీ ఎరగనట్టు కాఫీ కలిపి లేపేది. పాముచెవులని జనం పొగిడితే, తను మెడ నిక్కిస్తుంటే, పక్కనే నిలబడి గుడ్డతో డబ్బా తుడిచేది.

ఆయన ఆ నలభైమూడూ ఒక్కొక్కటే హెడ్‌ఫోనులో విన్నాడు. ఒక్కటైనా టింగుమంటుందేమోనని, ఒక్కటైనా తనకి చిక్కుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాడు. నలభైమూడూ టక్కుమన్నాయి. అప్పుడు ఏడ్చాడు. బల్ల మీద తలపెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంకో పని చేతకాదు ఆయనకి. ఇంకో పని నేర్చుకునే వయసూ కాదు.

సాయంత్రం భార్య అక్క ఊరినుంచి సంచి పట్టుకుని దిగేసరికి బల్ల మీద గుడ్డ పరిచి ఉంది. దాని మీద నలభైమూడు వాల్వులు వరసగా ఉన్నాయి. ఆవిడ సంచి కింద పెట్టలేదు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

"మీరు చూశారుగా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవారు? వాల్వు తట్టి వినేటప్పుడు మీ మొహం మీరెప్పుడైనా చూసుకున్నారా? నేను చూశాను. అది లేకపోతే మీరు మనిషి కారు."

మేస్త్రికి కోపం రావలసింది. మధ్యాహ్నం నుంచి దాన్ని సిద్ధం చేసుకునే ఉన్నాడు. తీరా ఆవిడ ఎదుట నిలబడితే కోపం నిలవలేదు. ఆ స్థానంలో ఆశ ఒకటి వచ్చి కూర్చుంది. చెవి పోతే పోయింది, ఇంట్లో ఇంకో చెవి ఉంది. ఇకనుంచి దొంగచాటుగా కాకుండా ఎదురుగానే వినొచ్చు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది.

"రేపు పదింటికి గిటారమ్మ వస్తుంది. ఆమె డబ్బా ఒక్కటీ నిలబెట్టు. నీకు దణ్ణం పెడతాను."

"అదేం మాట? పొద్దున్నే చూద్దాం" అంది ఆవిడ. తిరిగొచ్చిన డబ్బాల నంబర్లు ఒకసారి చూసి, 329 దగ్గర కాస్త ఆగింది.

మేస్త్రి కూడా చూశాడు. "ఇది నువ్వు వెళ్లకముందు చేసిందే కదూ?"

"అన్నింటిలో ఒకటి తప్పిపోయి ఉంటుంది. ఎంతటివాళ్లకైనా పొరపాటు జరుగుతుంది."

ఒకటేగా అని మేస్త్రి సరిపెట్టుకున్నాడు. అంతకంటే ఎక్కువ ఆలోచించే ధైర్యం ఆయనకి లేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆవిణ్ణి తన కుర్చీలో, కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టాడు. తలకి హెడ్‌ఫోను తనే పెట్టాడు. ముప్ఫయ్యేళ్లలో మొదటిసారి పెన్సిలు ఇంకొకరి చేతికి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు వేళ్లు ఓ పట్టాన వదల్లేదు. ఆవిడ తట్టింది. తల అడ్డంగా ఊపింది. ఇంకోటి. అడ్డంగానే. మూడోది, నాలుగోది, ఏడోది. మేస్త్రి ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాడు, డాక్టరు చీటీ చదువుతుంటే చూసేవాడిలా. పదకొండోదానికి ఆవిడ కళ్లు మూసుకుని, నాలుగుసార్లు తట్టి, నిలువుగా ఊపింది.

"ఇది మంచిది."

"గట్టిగా చెప్తున్నావా?"

"గట్టిగానే."

ఆయనకి ఊపిరి తిరిగింది. వాల్వు బిగించాడు, మూతపెట్టాడు, నాలుగు మరలూ తిప్పాడు. 344. ఆవిడ హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి గుడ్డతో డబ్బా తుడవడం మొదలుపెట్టింది. గోడగడియారం పది దాటి ఏడు నిమిషాలు చూపిస్తోంది. ఈమె ఎప్పుడూ ఆలస్యం చేయదే అనుకుంటూ మేస్త్రి తలెత్తి కిటికీలోంచి చూశాడు.

గిటారమ్మ గుమ్మం ముందే ఉంది. భుజాన గిటారు సంచి. వేలు బెల్లు మీట మీద ఉంది. నొక్కుతోంది, ఆగుతోంది, మళ్లీ నొక్కుతోంది. ఎంతసేపటినుంచో నొక్కుతున్నట్టు ఆమె పెదవి బిగుసుకుంది. ఎదురుగా దర్జీ కుట్టు మీదనుంచి తలెత్తి ఈ ఇంటివైపే చూస్తున్నాడు.

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. ఆవిడ తల వంచుకుని డబ్బా మూలలు నిదానంగా తుడుస్తోంది.

"గిటారమ్మ బయట నిలబడి ఉంది" అన్నాడు. "బెల్లు కొడుతోంది."

ఆవిడ ఉలిక్కిపడి కిటికీవైపు తిరిగి చూసింది. తరవాత ఆయన వైపు. ఆవిడ కిటికీ పక్కకి కుర్చీ జరిపించుకున్నది వెలుతురు కోసం కాదని, వచ్చినవాళ్లని చూడటానికేనని ఆయనకి అప్పుడు తట్టింది.

"బెల్లు పాడైనట్టుందండీ" అంది ఆవిడ మెల్లగా.

ఆ బెల్లు పెట్టించి ఇంకా నెల కూడా కాలేదు. మేస్త్రి ఆవిడ చేతిలోంచి డబ్బా తీసుకుని, ఇప్పుడే తిప్పిన నాలుగు మరలూ వెనక్కి తిప్పి, మూత తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన ఆవిడ నెత్తిమీద ఒకసారి చెయ్యి వేసి, వెళ్లి తలుపు తీశాడు. గిటారమ్మ ఏదో కరుకుగా అనబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"లోపలికి రామ్మా" అన్నాడు మేస్త్రి. "ఇకమీదట నువ్వే వినాలి." పెన్సిలు ఆమె చేతిలో పెట్టాడు.