కోటుకు పట్టిన ఊదు

కువైట్‌లో వైన్ చుక్క ముట్టకూడదు. ముడితే జైలు, ఆ తర్వాత తిరుగు విమానం. అలాంటి చోట కూర్చుని నేను ఫ్రాన్సు తెల్ల ద్రాక్షల వాసనలు నేర్చుకున్నాను. నీళ్లు లేని ఊళ్లో ఈత నేర్చుకున్నట్టు. నా ఖర్మ అలా ఏడ్చింది.

అంతకుముందు గోవా హోటల్లో వైన్ పోసేవాణ్ణి. అది మూతపడితే ఇక్కడికొచ్చి పడ్డాను. బ్నీద్ అల్ గార్‌ అనే పేటలో పెద్ద రెస్టారెంటు. భోజనాలయ్యాక అతిథులకు బఖూర్ పొగ పట్టడం నా పని. నిప్పుల మీద ఊదు చెక్క వేసి ఒక్కొక్కరి ముందూ నిలబడాలి. వాళ్లు ఆ పొగను బట్టల్లోకి, గడ్డంలోకి లాక్కుని లేస్తారు. ఊదు వచ్చాక ఇంకా కూర్చోకూడదని ఇక్కడి మర్యాద. నేను మాత్రం ఆ పొగలోనే ఏళ్లు గడిపాను.

ఓడల్లో వైన్ వడ్డించే ఉద్యోగానికి ముంబయిలో పరీక్ష పెడుతున్నారని తెలిసింది. అందరికీ తెలిసిన ద్రాక్షలు అడగరట. పిక్‌పూల్, అలిగోతే, రొమొరాంతాన్, సావన్యాన్ లాంటి మారుమూల రకాలు వాసన చూసి చెప్పాలట. ఈ పొగలోంచి బయటపడటానికి నాకు మరో దారి లేదు. ఆ పేర్లనే పట్టుకుని వేలాడాను.

గదిలో నాతో ఉండేవాడు నాకంటే చిన్నవాడు, రాజంపేట వైపు మనిషి, ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు; ఆ ఇంటి యజమానురాల్ని మామా అంటాడు. శుక్రవారం మధ్యాహ్నాలు నా కళ్లకు తువ్వాలు కట్టి, ముక్కు దగ్గర గిన్నెలు పట్టేవాడు. ఉప్పు చల్లిన నిమ్మతొక్క అయితే పిక్‌పూల్. పుల్లటి పచ్చ ఆపిల్ అయితే అలిగోతే. ఇరానీ కొట్లో దొరికే, ఆపిల్ లాంటి సఫర్జల్ పండు, తేనె కలిస్తే రొమొరాంతాన్. అక్రోటు పప్పు సావన్యాన్.

“ఇవన్నీ ద్రాక్షలోనే ఉంటాయా అన్నా?”

“ఉంటాయిరా.”

“అట్లయితే ద్రాక్ష వాసన యాడుంటాది?”

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ గదిలో నేను నవ్వింది ఆ శుక్రవారాల్లోనే.

వైన్ రుచి చూసే చోటికి అత్తరు పూసుకుని వెళ్లకూడదు. మా వృత్తిలో అది మొదటి పాఠం. అందుకే మేనేజరును బతిమాలి, పరీక్షకు కొన్ని వారాల ముందునుంచే పొగ పని మానేసి వంటింట్లో గ్లాసులు కడిగాను. వాసన లేని సబ్బు వెతికి కొనుక్కున్నాను.

ముంబయిలో నా ముందు మూడు గ్లాసులు పెట్టారు. మొదటిది ఎత్తి నిమ్మ కోసం వెతికాను. ఏమీ లేదు. రెండో దాంట్లోనూ అంతే. మూడోది ఎత్తేసరికి పరీక్ష పెట్టే ఆవిడ ముక్కు చిట్లించింది.

“సెంటు వేసుకొచ్చారా?”

“లేదు మేడం.”

“గదంతా మీ వాసనే. మిగతావాళ్లు పరీక్ష రాయొద్దా? దయచేసి బయటికి వెళ్లండి.”

తల కొట్టేసినట్టయింది. మళ్లీ రావచ్చా అని అడిగాను. ఒక మనిషిని ఒక్కసారే పిలుస్తాం అంది.

వరండాలో కోటు విప్పి చూస్తే లోపలి గుడ్డకు బూడిద అంటి ఉంది. ఊదు కాల్చిన బూడిద. పొద్దున తొడుక్కున్నప్పటినుంచీ అది నా ఒంటి మీదే ఉంది. గదిలో అందరికీ తెలిసింది, నాకు తప్ప. నా ముక్కు ఎప్పుడు చచ్చిందో నేనే చూసుకోలేదు. వరండా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆ కోటు ఎవరి చేతికి అందిందో నాకు తెలుసు. కువైట్ తిరిగొచ్చే విమానంలో వాణ్ణి తిట్టాల్సిన తిట్లన్నీ పేర్చుకున్నాను. గది తలుపు తీసేసరికి వాడు కోడికూర వండి కూర్చున్నాడు.

“ఏమైందన్నా?”

“ఇంకా ఏం చెప్పలేదురా.”

“వస్తాదిలే. మామా కాళ్లావేళ్లా పడి మంచి ఊదు తెచ్చినా. ఊరికి పొయ్యేముందు నువ్వు స్నానానికి పోయినప్పుడు కోటుకు పట్టించినా. ఈడ పెద్ద పనికి పోయేటోళ్లకు అట్లే చేస్తారు. చెప్తే వద్దంటావని చెప్పలా.”

వాడు పరుపు కిందనుంచి చిన్న పొట్లం తీశాడు.

“సగమే కాల్చినా. మళ్లా పిలుస్తారు గదా, అప్పుటికని దాచిపెట్టినా. చూడన్నా, ఎంత బాగుండాదో.”

పొట్లం నా ముక్కు దగ్గర పెట్టాడు. గట్టిగా పీల్చాను. ఏ వాసనా రాలేదు.

“బాగుందిరా” అన్నాను.