బిషప్‌గారి అమ్మగారు

అమెరికాలో, మా షాంటిలీలో, తెలుగువాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఏ టెక్నాలజీ?" అని. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇటలీలో పెద్దింటి వితంతువులు చర్చి వ్యవహారాల్లో ఎలా చక్రం తిప్పారో చదువుతున్నానని చెబితే, ఎదుటివారు సమోసాల ప్లేటు ఎక్కడుందో వెతుక్కునేవారు. ఒకాయన మాత్రం "మార్కెట్ ఎలా ఉందమ్మా దానికి?" అన్నాడు. పెద్దగా పోటీ లేదని చెప్పాను.

నేను అద్దెకున్న బేస్‌మెంట్ పైన ఉండే ఇంటి ఓనర్ ఆంటీ ఒక్కరే నా చదువును పట్టించుకున్నారు. రెండు లైన్ల నా పరిశోధన శీర్షికను ఆవిడ 'దొరసానులు' అని కుదించారు. తాలింపు వేస్తూ "ఏమంటున్నారు మీ దొరసానులు?" అని అడిగేవారు.

ఆంటీ ఏళ్ల తరబడి గుడి హాల్లో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతున్నారు. ఆ వసంతంలో గుడి కమిటీ ఆదివారాలు హాలును ఫంక్షన్లకు అద్దెకివ్వాలనుకుంది. వేసవి నుంచి క్లాసు జూమ్‌లో పెట్టుకోమన్నారు. ఆ రోజు ఆంటీ చేసిన పప్పులో ఉప్పు లేదు.

చదువుకున్నదాన్ని కాబట్టి కమిటీకి మెయిల్ పెట్టాను. భాష, అస్మిత, వారసత్వం, అన్నీ వేశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది.

ఆంటీ అది చదివి, "మీ దొరసానులైతే ఏం చేసేవాళ్లు?" అన్నారు.

"వాళ్లకి చర్చిలో పోస్ట్ ఏదీ ఉండదు ఆంటీ. మఠాలు కట్టించేవాళ్లు, ఊళ్లో పిల్లలకి బాప్తిస్మమప్పుడు జ్ఞానతల్లులుగా నిలబడేవాళ్లు. బిషప్‌తో పని పడితే ఆయన దగ్గరికి పోరు. వాళ్లమ్మ దగ్గరికి పోతారు."

ఆంటీ గరిటె పక్కన పెట్టారు. "మన ప్రెసిడెంట్‌గారి అమ్మ ఇండియా నుంచి వచ్చారు కదూ?"

కమిటీ ప్రెసిడెంట్‌గారింట్లో రెండు కార్లున్నాయి. అమ్మగారికి డ్రైవింగ్ రాదు. కొడుకూ కోడలూ ఆఫీస్‌కి వెళ్లాక ఆవిడ కిటికీలోంచి డెలివరీ వ్యాన్లు చూస్తూ గడిపేవారు. గోంగూర పచ్చడి పట్టుకుని వెళ్లాం. ఆంటీ హాలు ఊసే ఎత్తలేదు. మోకాళ్ల నొప్పుల గురించి, కోడలి వంట గురించి చాలాసేపు నడిచింది. నేను ఓపిక చాలక సైగ చేస్తే ఆంటీ నా చేతిలో ఇంకో జంతిక పెట్టారు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆంటీ అన్నారు: "మా క్లాస్‌లో కథలు చెప్పేవాళ్లు లేరు పిన్నిగారూ. నేను చెబితే పిల్లలు నిద్రపోతున్నారు. సండే నేనే వచ్చి పికప్ చేసుకుంటా."

"నాకేం వచ్చునమ్మా," అంటూనే ఆవిడ ఏ చీర కట్టుకోవాలో అడిగారు.

ఆ ఆదివారం నుంచి హాల్లో మధ్య కుర్చీ ఆవిడదే.

"బామ్మగారూ, రాక్షసుడు వెజిటేరియనా?" అని ఒక పిల్ల అడిగింది.

"గుళ్లో ఉన్నంతసేపు వెజిటేరియనేనే తల్లీ."

ఇదే ఆఖరి క్లాసని చెప్పడానికి ఒక ఆదివారం ప్రెసిడెంట్‌గారు స్వయంగా వచ్చారు.

"అమ్మా, నెక్స్ట్ వీక్ నుంచి హాల్..."

"కథ మధ్యలో ఉంది. కూర్చో నాన్నా."

ఆయన కూర్చున్నారు. పిల్లల కుర్చీ, మోకాళ్లు గడ్డాన్ని తాకుతున్నాయి. ఆంటీ నల్లబల్ల తుడుస్తూ ఉండిపోయారు, తుడవడానికి అక్కడ ఏమీ లేకపోయినా. కథ అయ్యాక ఆయన కాసేపు తల్లి ముఖం చూసి, శనివారాలు కూడా ఫంక్షన్లకు బాగానే ఉంటాయనుకుంటా అన్నారు. దీని మీద కమిటీ నుంచి మెయిలేదీ రాలేదు.

నా పరిశోధన అధ్యాయంలో దొరసానుల ఇలాంటి పలకరింపులు ఎలా జరిగేవో స్పష్టంగా లేదని ప్రొఫెసర్ అంతకుముందు తిప్పి పంపారు. ఆ కాలపు ఉత్తరాలు మళ్లీ చదివాను. ఈసారి వాటిలో ఎవరేం తినిపించారో, అసలు మాట గుమ్మం దాకా ఎలా ఆగిందో కనపడింది. తిరగరాసి ఆంటీకి తెలుగులో చెప్పాను.

ఆంటీ అంతా విని, "ఆ బిషప్ వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులు ఉండేవా?" అన్నారు.

"రాయలేదు ఆంటీ. ఉండే ఉంటాయి."

"మరి పని అయిపోయాక కూడా ఎవరైనా వచ్చి ఆవిడ దగ్గర కూర్చునేవాళ్లా?"

నేను నోట్స్ తిరగేశాను. ఆంటీ అప్పటికే కారు తాళాలు వెతుక్కుంటున్నారు. ఆ రోజు శుక్రవారం, క్లాసు లేకపోయినా పిన్నిగారు ఇంట్లో ఎదురుచూస్తుంటారని.